కవలల మీట

జనవరి 13, సోమవారం

ఈ నోట్‌బుక్ జావా పాఠాల కోసం కొన్నది. ముందు వైపు నుంచి మా టీచరు ఎనియోలా చెప్పిన నోట్సు ఉంది. ఇవాళ దీన్ని తిప్పి, వెనక అట్ట నుంచి మొదలుపెడుతున్నాను. ఇటువైపు ఎవరూ చూడరు.

సిఫావు పిల్ల తైవోకి తట్టు పోసింది. పొద్దున అకరా బజ్జీలు కొనుక్కుంటుంటే బండి దగ్గర చెప్పుకుంటున్నారు. పదకొండు నెలల పిల్ల. ఒళ్ళంతా ఎర్రగా పేలిపోయి, కళ్ళు తెరవడం లేదట. అదే చాప మీద పడుకునే దాని కవల కెహిండేకి మాత్రం ఏమీ కాలేదట.

ఆరోగ్య కేంద్రానికి రాగానే, టీకాల లెక్క కోసం నేను రాసిన ప్రోగ్రాం తెరిచి చూశాను. ఇద్దరికీ నవంబర్ 14న టీకా పడినట్టే ఉంది. వేసినవారు: మేట్రన్ అసాబీ. అంతా సరిగ్గానే ఉంది. టీకా పడ్డా నూటికి ఏ కొందరికో తట్టు వస్తుందని మేట్రనే ఒకసారి చెప్పింది.

సిఫావు గురించి నాకు ప్రత్యేకంగా గుర్తున్నదేమీ లేదు. మా ఊరు ఇగ్బో-ఓరాలో వీపున ఒకరిని, చంకన ఒకరిని వేసుకుని వచ్చే తల్లులు వారానికి పదిమంది. ఏ జంటనడిగినా ముందు పుట్టినవాళ్ళ పేరు తైవో, తర్వాత పుట్టినవాళ్ళ పేరు కెహిండే. ఎంతమందినని గుర్తుపెట్టుకుంటాను?

జనవరి 14

కంప్యూటర్ తనంతట తాను అబద్ధం చెప్పదు.

జనవరి 16, గురువారం

టీకాల రోజు. హర్మటాన్ గాలికి లేచిన దుమ్ము లోపలి దాకా వస్తోంది, మీటల మీద వేలు పెడితే ముద్ర పడుతోంది. ఎప్పటిలాగే మేట్రన్ చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది, తల్లులు అందుకున్నారు. సూదులన్నీ అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇడోవూ, ఆ సిఫావు పిల్లకి నేను సూది వేశానా?"

"వేశారుగా అమ్మా. నవంబర్ పద్నాలుగు. మీ పేరే ఉంది చూడండి."

"జ్వరంగా ఉందని ఒకదాన్ని వెనక్కి పంపినట్టు గుర్తే నాకు. వచ్చే గురువారం తీసుకురమ్మన్నాను."

"అది వేరే ఎవరో అయ్యుంటారు. ఈ ఊళ్ళో కవలలకేం కరువు?"

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వానే గానీ, అప్పటి నుంచీ ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. అందుకని మంచి విషయాలు రాసుకుంటాను. నాకు ముప్పై ఎనిమిది. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడ చేతి కార్డులు నింపాను, అదీ కాంట్రాక్టు మీదే. ఆగస్టులో ఇబదాన్ నుంచి ఎనియోలా అనే ఇరవై నాలుగేళ్ళ పిల్ల వచ్చి, గ్రంథాలయం హాల్లో శనివారం శనివారం ప్రోగ్రాం రాయడం నేర్పుతానంది. తొమ్మిది మందిమి చేరాం. మొదటి రోజు ఆ పిల్ల, "క్లాసు అంటే ఖాళీ కార్డు నమూనా. ఆబ్జెక్ట్ అంటే ఒక మనిషి కోసం నింపిన కార్డు" అంది. మిగతావాళ్ళు తలలు గోక్కున్నారు. నాకు ఆ క్షణమే అర్థమైపోయింది. జీవితమంతా నేను చేసిన పని అదేగా.

కవలల వెనక పుట్టినదాన్ని గనక నా పేరు ఇడోవు. ఇడోవులు మొండిఘటాలంటారు. ఆ మొండితనంతోనే సెప్టెంబర్ కల్లా టీకాల ప్రోగ్రాం రాశాను. చేతి కార్డులు తీసేశారు. తల్లులకి ఇప్పుడు నా యంత్రం అచ్చేసే చీటీలే ఆధారం. టీకా పడనివాళ్ళ ఫోన్లకి అదే కబురు పంపుతుంది. అక్టోబరులో కవలల మీట చేర్చాను. తైవో కార్డు నింపి ఆ మీట నొక్కితే చాలు, అదే తల్లి, అదే వీధి, అదే పుట్టినరోజుతో కెహిండే కార్డు తయారవుతుంది. ఇంకే ఊరివాళ్ళకైనా ఇలాంటి మీట కావాలన్న ఆలోచనే రాదు. ఊరి పాలకమండలి చైర్మన్ వచ్చి చప్పట్లు కొట్టించాడు. ఫిబ్రవరి 20న ఇబదాన్‌లో పెద్ద అధికారుల ముందు చూపించాలి. వాళ్ళకి నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తారు.

జనవరి 18, శనివారం

ఎనియోలా ఇవాళ ఒక ప్లాస్టిక్ కుర్చీని హాలు మధ్యలో పెట్టింది. దాని వీపుకి 'తైవో' అని ఒక చీటీ, 'కెహిండే' అని ఇంకో చీటీ అంటించింది. తను అందులో కూర్చుని అడిగింది.

"నేను తైవో కుర్చీలో కూర్చున్నాను. కెహిండే కుర్చీ ఖాళీగా ఉందా?"

అందరూ ఘొల్లున నవ్వారు.

"నవ్వకండి. మీరంతా ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే ఇది. కెహిండే సమానం తైవో అని రాస్తే కొత్త కుర్చీ పుట్టదు. ఉన్న కుర్చీకే రెండో పేరు పడుతుంది. కొత్తది కావాలంటే కొత్తది చేయమని నోరు తెరిచి అడగాలి."

తర్వాత నా వైపు తిరిగి, "ఆంటీ, మీ ప్రోగ్రాంలో అలా లేదు కదా?" అంది.

"లేదు."

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మళ్ళీ నేనే, "నాది వేరే పద్ధతిలే టీచరమ్మా" అని కూడా అన్నాను.

ఎవరూ చూడని వైపు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అక్టోబరులో కవలల మీట మొదటిసారి నొక్కినప్పుడు తెర మీద రెండు కార్డుల్లోనూ కెహిండే అనే పేరే వచ్చింది. తైవో పేరు మాయమైంది. ఎనియోలాకి ఫోన్ చేస్తే, "ఆంటీ, అడుగున ఏదో ఉంది. శనివారం తీసుకురండి, చూద్దాం" అంది. చైర్మన్ వచ్చేది శుక్రవారం. నేను ఆగలేకపోయాను. పేర్లని కార్డుల్లోంచి తీసేసి విడిగా ఒక జాబితాలో పెట్టాను. తెర మీద రెండు పేర్లూ చక్కగా కనబడ్డాయి. కారుతున్న కప్పు కింద గిన్నె పెట్టి, ఇల్లు బాగుచేశానని శనివారం ఆ పిల్లకి చెప్పాను.

జనవరి 19, ఆదివారం

చర్చి నుంచి తిన్నగా కేంద్రానికి వెళ్ళాను. లోకంలో లేని ఇద్దరు పిల్లల్ని కంప్యూటర్లో పుట్టించాను. మీట నొక్కాను. కెహిండేకి టీకా వేసినట్టు గుర్తు పెట్టి, తైవోది తెరిచాను.

ఉంది. అదే గుర్తు, అదే తేదీ, మేట్రన్ పేరుతో సహా.

తల్లులు ఇద్దర్నీ ఒకేసారి తెస్తారు. మేట్రన్ ఒకరికి వేసి, రెండోవాళ్ళకి వేస్తుంది. నేను మొదటి గుర్తు పెట్టి రెండోది తెరిచేసరికి అక్కడ అప్పటికే గుర్తు ఉండేది. ఎన్నిసార్లు చూశానో. చూసిన ప్రతిసారీ 'ముందే నొక్కేసినట్టున్నాను' అనుకునేదాన్ని. అలా అనుకోవడం సుఖంగా ఉండేది.

సిఫావు గురించి ఏమీ గుర్తులేదని సోమవారం రాశాను. గుర్తుంది. అంతా గుర్తుంది.

నవంబర్ 21, గురువారం. ఒక్క పిల్లని వీపున కట్టుకుని వచ్చింది.

"అక్కా, దీనికి సూది పడలేదు. పోయిన వారం ఒళ్ళు కాలుతోందని మేట్రన్ పంపేసింది."

"పడింది. ఇదిగో, చూడు."

"అది కెహిండేకక్కా. ఇది తైవో."

"ఇద్దరికీ పడింది. యంత్రం చెప్తుంటే వినవేం?"

"నా చేతులతో పట్టుకున్నదానికి పడింది. దీన్ని ఆవేళ మా అత్త ఎత్తుకుంది కదా."

వెనక వరుస పెరిగిపోతోంది. నాకు విసుగొచ్చింది. "నీ పిల్లలు నీకే పోల్చుకోవడం రావట్లేదా? కన్నతల్లివి! ఒకదాని మెళ్ళో పూసలు కట్టుకో పో" అన్నాను. వరుసలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. సిఫావు కూడా సిగ్గుతో నవ్వింది. వీపున గుడ్డ బిగించుకుని వెళ్ళిపోయింది.

ఆ ముందు గదిలోనే, మంచు పెట్టెలో సూదిమందు ఉంది.

జనవరి 20

ప్రోగ్రాం బాగుచేయడానికి ఒక్క మాట చాలింది. కొత్తది చేయమని అడిగే మాట. పావుగంట పట్టలేదు. ఇకనుంచి మీట నొక్కితే నిజంగానే రెండు కార్డులు పుడతాయి.

పాతవి అలాగే ఉన్నాయి. నలభై ఒక్క జంటలు. ఎవరికి సూది పడిందో, ఎవరికి పడలేదో ఇప్పుడు ఏ యంత్రమూ చెప్పలేదు. తల్లుల్నే అడగాలి. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటారు. ఎదురుపడినప్పుడు ఒక్కొక్కరినీ మాటల్లో పెట్టి కనుక్కుంటాను. మెల్లగా అన్నీ సర్దేయొచ్చు.

జనవరి 22, బుధవారం

సర్దడానికి నాకు టైం ఇవ్వలేదు. ఇబదాన్ నుంచి అధికారి వచ్చాడు. నెలలో నాలుగు తట్టు కేసులట. వాటిలో ఇద్దరు పిల్లలకి కంప్యూటర్లో టీకా పడినట్టు ఉంది. ఇద్దరూ వేర్వేరు కవల జంటల్లోని పిల్లలే, జంటకి ఒకరు చొప్పున. ఆ సంగతి ఆయన పట్టించుకోలేదు. ఈ ఊళ్ళో ఎవర్ని చూసినా కవలలేగా.

"మందు పారబోసి, వేసినట్టు గుర్తు పెట్టించే నర్సుల్ని చాలామందిని చూశాను" అన్నాడు మేట్రన్‌తో.

"ముప్పై నాలుగేళ్ళుగా సూది వేస్తున్నాను బాబూ" అంది ఆవిడ. 

సిఫావుని పిలిపించారు. పిల్ల పెద్దాసుపత్రిలో ఉంటే ఈవిడ చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

"నేను తీసుకొచ్చాను సార్. మళ్ళీ గురువారం తీసుకొచ్చాను. ఈ అక్కే పంపేసింది."

అధికారి నన్ను అడిగాడు. "నిజమేనా?"

"గుర్తులేదండీ. చాలామంది వస్తుంటారు."

సిఫావు నా మొహంలోకి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. దారి అడిగితే తప్పుగా చెప్పిన మనిషిని చూసినట్టు చూసి, "సరే అక్కా" అంది.

విచారణ తేలే వరకూ ఇంట్లో ఉండమని మేట్రన్‌కి కాగితం ఇచ్చారు. ఆవిడ రిటైర్ కావడానికి ఏడు నెలలుంది. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు, కింద సంతకం పెట్టాను.

జనవరి 23, గురువారం

పాట ఎత్తుకునేవాళ్ళు లేరు.

జనవరి 25

క్లాసుకి వెళ్ళలేదు. 'ఆంటీ, ఒంట్లో బాగాలేదా?' అని ఎనియోలా కబురు పెట్టింది. తలనొప్పి అన్నాను. నిజంగానే తల నొప్పిగా ఉంది, కాబట్టి అది అబద్ధం కాదు.

జనవరి 26, ఆదివారం

మేట్రన్ ఇంటికి వెళ్ళాను. చెప్పేద్దామనే బయల్దేరాను.

ఆవిడ వసారాలో కూర్చుని ఒక బడిపిల్లల నోట్‌బుక్‌లో ఏదో రాస్తోంది. నన్ను చూసి మొహం వెలిగిపోయింది. "రామ్మా, రా. ఒక్క నువ్వే వచ్చావు" అంది. కూతుర్ని పిలిచి పెండలం పిండి అమలా ముద్ద వడ్డించమంది, బెండకాయ పులుసుతో.

"ఏం రాస్తున్నారమ్మా?"

"నిన్న ఏం వండామో, ఎవరెవరు వచ్చారో రాసుకుంటున్నాను. సాయంత్రం మా అమ్మాయి సరిచూస్తుంది. నిన్న రెండు తప్పులు పోయాయి."

"అదెందుకు?"

"మా అమ్మకి అరవైలో మొదలైంది ఇడోవూ. మొదట తాళాలు మర్చిపోయేది. తర్వాత నన్ను చూసి తన చెల్లెలనుకునేది. నాకు ఇప్పుడు యాభై తొమ్మిది." నోట్‌బుక్ మూసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ పిల్లని వెనక్కి పంపినట్టు నాకు గుర్తు. కాలిపోతున్న ఆ నుదురు ఇప్పటికీ నా అరచేతికి తెలుస్తోంది. నువ్వు చేసిన యంత్రమేమో సూది వేశానంటోంది. యంత్రానికి నా మీద పగేమన్నా ఉందా? మరి నా బుర్రే పాడవుతోందన్నమాట."

నోట్లో ముద్ద పెట్టుకున్నాను. నీళ్ళు తాగి మింగాను.

"తిను, తిను. చిక్కిపోయావు" అంది.

తిన్నాను. చేయి కడుక్కున్నాను. దణ్ణం పెట్టి వచ్చేశాను.

జనవరి 27

చెప్పలేదు.

జనవరి 28

చెప్పలేదు. తైవో ప్రాణానికి భయం లేదట. ఎడమ కన్ను మాత్రం చెప్పలేమంటున్నారట. బీన్స్ ఉడికించి, పామాయిల్ కలిపి గిన్నెలో పట్టుకుని సిఫావు ఇంటి సందు మొగ దాకా వెళ్ళాను. కవలలున్న ఇంటికి బీన్స్ తీసుకెళ్తే మంచిదంటారు. సందు మొగలోనే నిలబడ్డాను. ఇంటికొచ్చి ఆ బీన్స్ నేనే తిన్నాను.

జనవరి 29, బుధవారం

మధ్యాహ్నం ఎనియోలాకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అక్టోబరులో పేర్లు దాచడం దగ్గర్నుంచి మేట్రన్ నోట్‌బుక్ దాకా. ఆ పిల్ల తిడుతుందనుకున్నాను.

"ఆంటీ, క్లాసులో అందరికన్నా ముందు అర్థమయ్యేది మీకే" అంది. గొంతులో ఏడుపుంది. "రేపు గురువారం కదా? తల్లులంతా వస్తారు కదా?"

"వస్తారు."

"అయితే రేపు."

జనవరి 30, గురువారం

పొద్దున్నే మేట్రన్ ఇంటికి వెళ్ళి, కారణం చెప్పకుండా ఒక్కసారి కేంద్రానికి రమ్మన్నాను. వచ్చింది. తెల్లబట్టలు వేసుకోవాలా వద్దా అని అడిగింది. వేసుకోండమ్మా అన్నాను.

తల్లులు బెంచీల మీద కూర్చున్నారు. నేను పాట ఎత్తుకోలేదు, నాకా హక్కు లేదు. లేచి నిలబడి నేరుగా చెప్పాను. నేను రాసిన ప్రోగ్రాంలో కవలలిద్దరికీ రెండు పేర్లున్నాయి గానీ కార్డు ఒక్కటే ఉంది. ఒకరికి సూది పడితే ఇద్దరికీ పడ్డట్టు చూపిస్తుంది. సిఫావు తైవోని తీసుకొచ్చినప్పుడు తిప్పి పంపింది నేనే. అధికారి అడిగితే గుర్తులేదని అబద్ధం చెప్పింది కూడా నేనే. మేట్రన్ తప్పు ఇసుమంత కూడా లేదు.

మొదట కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. వెనక బెంచీ మీంచి పండ్లమ్ముకునే ఒకావిడ లేచింది.

"అంటే, కెహిండే తింటే తైవో కడుపు నిండుతుందని రాశావా?"

"అలాగే రాశాను."

"ఈ ఊళ్ళో పుట్టి? కవలల వెనక పుట్టి?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఒక తల్లి గబుక్కున ఒళ్ళోని పిల్ల చొక్కా పైకెత్తి ఒంటి మీద దద్దుర్లేమైనా ఉన్నాయేమోనని చూసుకుంది. ఇక అందరూ ఒకేసారి లేచారు, ఒకేసారి అరిచారు. ఏమేం తిట్టారో రాయను. అందులో ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

మేట్రన్ అరవలేదు. గొడవ తగ్గాక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పంతొమ్మిదిన."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పదకొండు రోజులు. నా బుర్ర పోయిందని పదకొండు రోజులు ఏడ్చాను. నువ్వు నా ఇంట్లో కూర్చుని అమలా తిన్నావు."

"క్షమించండమ్మా" అన్నాను.

"ముందు ఆ కవలల జాబితా తియ్యి" అంది ఆవిడ.

ఫిబ్రవరి 1

అధికారికి మొత్తం రాసి సంతకం పెట్టి పంపాను. నిన్న మసీదులోనూ చెప్పించాను. రేపు చర్చిలో నేనే చెప్తాను.

ఫిబ్రవరి 6, గురువారం

మేట్రన్‌ని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఎనభై రెండు మంది పిల్లలు. తల్లి చెప్పేది విని, మేట్రన్ చెప్పేది విని, ఒక్కొక్కరికీ విడివిడిగా కార్డు నింపుతున్నాను. కవలల మీట తీసేశాను. బాగుచేసిందే అయినా తీసేశాను. రెండుసార్లు రాయడానికి నా వేళ్ళేమీ అరిగిపోవు. సూది పడనివాళ్ళు ఇప్పటికి ఏడుగురు తేలారు, ఏడుగురికీ వేసింది మేట్రన్. పాట మళ్ళీ మొదలైంది. నాతో మాత్రం పేర్లు, తేదీలు తప్ప మాట్లాడదు. మార్చితో నా కాంట్రాక్టు అయిపోతుందని కాగితం వచ్చింది. ఇబదాన్ ప్రయాణం సంగతి ఎవరూ ఎత్తలేదు.

పదకొండింటికి సిఫావు వచ్చింది, ఇద్దర్నీ వేసుకుని. మళ్ళీ ఉడికించి తెచ్చిన బీన్స్ గిన్నె ఇవాళ నా బల్ల కిందే ఉంది. దాన్ని పైకి తీసే ధైర్యం లేకపోయింది.

ఇద్దరికీ ఒకేలాంటి నీలం గౌన్లు. చెవులకి ఒకేలాంటి పోగులు. ముందు కెహిండే కార్డు నింపాను. తర్వాత తైవోది, మొదటి గడి నుంచి. పేరు. తల్లి పేరు. వీధి. పుట్టినరోజు. ప్రతిదీ అడిగాను, ప్రతిదానికీ సిఫావు ఓపిగ్గా జవాబు చెప్పింది. చివర్లో 'గుర్తింపు చిహ్నం' అని ఒక గడి ఉంటుంది. చేతి కార్డుల కాలం నుంచీ నేను దాన్ని ఖాళీగానే వదిలేదాన్ని. ఇవాళ నా చేయి అక్కడ ఆగింది.

తైవో నా వైపే చూస్తోంది. కుడికన్ను నా వేళ్ళతో పాటు కదులుతోంది. ఎడమకంటి నల్లగుడ్డు మీద పెసరగింజంత తెల్లటి పొర.

"రాయి అక్కా" అంది సిఫావు. "ఇక పూసలు కట్టే పని లేదుగా. ఏది తైవోనో ఇప్పుడు నీక్కూడా తెలుస్తుంది."

రాశాను.